అరిగిన వేలిముద్ర

తెల్లవారుజామున నాలుగింటికి విశాఖ ఫిషింగ్ హార్బర్ నిద్ర లేవదు. అసలు పడుకుంటే గదా లేవడానికి. రాత్రంతా వచ్చిన బోట్లు జెట్టీకి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. కలాసీలు గంపలు అందిస్తుంటారు, ఐసు దిమ్మలు పిండి చేసే మిషను గరగరమంటుంది, పాటదారు గొంతు అన్నిటికన్నా పైన వినిపిస్తుంది. కోనాం ఒక కుప్ప, కానాగంతలు ఒక కుప్ప, రొయ్యలు విడిగా. తట్టలు ముందు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళ మధ్య నుంచి ఆమె లేచింది. పాటలో దక్కిన చేపల తట్ట నెత్తికెత్తుకుంది. నాలుగడుగులు వేసింది.

ఆ నేల ఎలా ఉంటుందో హార్బర్‌కి వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కరిగిన ఐసు నీళ్ళు, చేప జిగురు, పొలుసులు. ఏభై ఏళ్ళుగా ఆ నేల మీదే నడిచిన కాళ్ళు ఆ రోజు జారాయి. తట్ట ఒకవైపు, ఆమె ఒకవైపు.

"ఏటయ్యిందప్పా?"

"లెగనేనే. నడ్డి ఇరిగిపోనాది."

నడుము కాదు, విరిగింది తుంటి ఎముక. కుడి కాలు పొట్టిదైపోయినట్టు, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఐసు మోసే కుర్రాళ్ళు నలుగురు చేపల పెట్టె మూత మీద పడుకోబెట్టి షెడ్డు కిందికి తెచ్చారు. ఎవరో నూట ఎనిమిదికి ఫోన్ చేశారు. అది 2025 అక్టోబరు, దీపావళికి ఇంకా వారం ఉంది.

ఇక్కడ పాఠకులకు ఒక మాట. ఈ కథలో మనుషులకు పేర్లు పెట్టలేదు. హార్బర్ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో జరిగేదాన్ని ఒక ఇంటి మీదుగా చెబుతున్నాను. తేదీలు, పథకాలు, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఆ ఇంటికి ఇలాంటి రాత్రి అది రెండోది. మొదటి రాత్రి గురించి చెప్పకపోతే ఈ రెండోది అర్థం కాదు.

2006 చలికాలం. భర్త మరపడవ మీద కలాసీ. పది రోజుల వేటకి వెళ్ళి వచ్చాడు. బోటు దిగి మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఆయాసం. వల లాగిన అలసట అనుకున్నారు. రెండు రోజులు అల్లం కషాయం తాగించారు. మూడో రోజు రాత్రి పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవార్చాడు. గుండె కవాటం పాడైంది, ఆపరేషన్ చెయ్యాలి, లక్ష పైనే అవుతుందన్నారు డాక్టర్లు. ఆ రోజుల్లో కలాసీకి నెల జీతమంటూ లేదు. పడ్డ వేటలో వాటా. వేట పడకపోతే వాటా లేదు, పైగా బోటు ఓనరు దగ్గర తీసుకున్న అడ్వాన్సు అలాగే ఉంటుంది.

పుస్తెలతాడు కుదువ పెట్టారు. వచ్చింది పరీక్షలకి, మందులకి సరిపోయింది. మిగిలిన దారి ఒక్కటే, ముఖ్యమంత్రి సహాయ నిధి. ఆసుపత్రి ఇచ్చిన అంచనా కాగితం, తెల్ల రేషన్ కార్డు జిరాక్సు, ఎమ్మెల్యేగారి ఉత్తరం, అన్నీ కలిపి హైదరాబాద్ పంపాలి. ఆమెకి హైదరాబాద్ అంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ పేరు తప్ప ఇంకేం తెలియదు. మరిది వెళ్ళాడు. ఒకసారి సంతకం లేదన్నారు, ఇంకోసారి రమ్మన్నారు.

ఆ రోజుల్లో ఇలా తిరిగింది ఈ ఒక్క కుటుంబమే కాదు. 2004 మే నుంచి 2007 జూన్ వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి ఖర్చుల కోసం ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి 55,361 మందికి 168.52 కోట్ల రూపాయలు ఇచ్చారు. భాగిస్తే మనిషికి 30 వేల చిల్లర. ఆ డబ్బు ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కానీ ఆ 55 వేల మందీ ఎవరో ఒకరి గుమ్మం దగ్గర నిలబడి, ఎవరో ఒకరి ఉత్తరం పట్టుకుని వెళ్ళినవాళ్ళే. ఉత్తరం దొరకనివాళ్ళ లెక్క ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

ఆమె భర్త సంక్రాంతి దాటలేదు.

ఆ తర్వాత మూడు నెలలు తిరక్కుండానే, 2007 ఏప్రిల్ 1న, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. తెల్లకార్డు ఉంటే కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే పైన మరో 50 వేలు. ఆసుపత్రిలో రూపాయి కట్టక్కర్లేదు. మొదట మూడు జిల్లాల్లోనే పెట్టారు, అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. ఇది హార్బర్‌లో చాలామందికి మనసులో నిలిచిపోయిన విషయం. ఎందుకంటే ఇక్కడి బోట్ల మీద పనిచేసేవాళ్ళలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాళ్ళు బోలెడు. ఒకే బోటు మీద ఇద్దరు కలాసీలు. ఒకడి కార్డు ఊళ్ళో ఉంది, వాడి గుండెకి పథకం ఉంది. రెండోవాడి కార్డు విశాఖది, వాడికి లేదు. ఆపరేషన్లు చేసే పెద్దాసుపత్రులు మాత్రం విశాఖలోనే. 2008 జూలై నాటికి పథకం రాష్ట్రమంతా వచ్చింది. ఆమె ఆ సంగతి విని ఏమీ అనలేదట. కొత్తగా వచ్చిన కార్డుని రేకు పెట్టెలో, భర్త ఫొటో కింద పెట్టింది.

ఇప్పుడు అక్టోబరుకి రండి.

ఇంట్లో మగదిక్కు మనవడొక్కడే. డిగ్రీ మొదటి సంవత్సరం. కొడుకు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఉన్నాడు. ఒకప్పుడు ఇక్కడే చేసేవాడు. 2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో నిప్పంటుకుని 40 దాకా మరపడవలు కాలిపోయినప్పుడు అతను పనిచేసే బోటు కూడా పోయింది. బోట్ల ఖరీదులో 80 శాతం పరిహారం ప్రభుత్వం ప్రకటించింది. కొత్త బోటు తయారై నీళ్ళలో దిగేదాకా కలాసీ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? రైలెక్కాడు. వంశధార ఒడ్డు వాళ్ళకి, ఇక్కడి వాళ్ళకి వెరావల్ కొత్త కాదు.

అంబులెన్సు లోపల మనవడికి తట్టింది దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రి. పోయిన ఏడు పక్కింటాయనకి అక్కడే ఉచితంగా స్టెంటు వేశారు. తీసుకెళ్ళారు. ఎక్స్‌రే తీశారు. డబ్బు కట్టించుకున్నారు. తుంటి బంతి మెడ దగ్గర విరిగింది, మార్చాలి అన్నారు. కార్డు చూపించాడు.

"పథకం కింద ఇప్పుడు చేర్చుకోవట్లేదు బాబూ. సేవలు ఆపేశాం."

నిజమే. బకాయిలు చెల్లించాలంటూ రాష్ట్రంలోని ప్రైవేటు స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం అక్టోబరు 10 నుంచి సేవలు నిలిపివేసింది. 2,700 కోట్ల దాకా రావాలని సంఘం చెప్పింది. అంతకుముందు 2024 మేలో కూడా, మునుపటి ప్రభుత్వం ఉన్నప్పుడు, ఇదే బకాయిల గొడవతో సేవలు ఆగాయి. ఆసుపత్రి నడిపేవాళ్ళకి జీతాలు, మందుల బిల్లులు ఉంటాయి, వాళ్ళ బాధ వాళ్ళది. కానీ చేపల జిగురు చీరతో స్ట్రెచర్ మీద పడుకున్న ముసలామెకి ప్రభుత్వానికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న ఖాతాతో ఏం సంబంధం? కార్డు ఇచ్చినవాళ్ళు ఇచ్చింది ఒక మాట. ఆ మాట మధ్యలో తెగితే మొదట తెగేది మంచం మీద ఉన్న మనిషికే. పార్టీ ఏదైనా, ప్రభుత్వం ఏదైనా, ఈ బకాయిల జాడ్యాన్ని క్షమించలేం.

కోడలు అంది, "ఇంటికి తీసుకుపోదాం. పుత్తూరు కట్టు ఏయిద్దాం. ఈ వయసులో ఎముక అతకదంట."

ఈ మాట ప్రతి వార్డులోనూ వినబడుతుంది. దాన్ని మూర్ఖత్వమనకండి, అది చేతిలో డబ్బు లేనివాళ్ళ లెక్క. కానీ తుంటి విరిగిన పెద్దవాళ్ళని ఆపరేషన్ లేకుండా మంచాన పడేస్తే వీపు పుళ్ళు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డ కడుతుంది. మంచం పట్టిన మనిషి చాలాసార్లు నెలల్లోనే పోతుంది. ఎముక చంపదు, మంచం చంపుతుంది.

"నాకేటీ ఒద్దురా బావు. డబ్బుల్నేవు. ఇంటికెల్పోదాం," అంది మామ్మ కళ్ళు మూసుకునే.

మనవడు ఒప్పుకోలేదు. కేజీహెచ్‌కి తిప్పమన్నాడు.

కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923లో తలుపులు తెరిచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, మన్యం, ఆ పక్క ఒడిశా సరిహద్దు పల్లెలు, అందరికీ ఆఖరి మెట్టు అదే. రద్దీ గురించి ఎంతయినా రాయొచ్చు. కానీ సేవలు ఆగిన ఆ వారాల్లో తలుపు మూయని చోటు కూడా అదే.

ఎమర్జెన్సీలో కాలికి బరువు కట్టారు. తర్వాత పథకం కౌంటరు. బల్ల వెనక ఆరోగ్యమిత్ర. ఈ ఉద్యోగం పేరు చాలామందికి తెలీదు, తెలియాలి. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో కార్డు చూసి, రోగి వివరాలు ఎక్కించి, చికిత్సకి ముందస్తు అనుమతి కోరుతూ పథకం నడిపే ట్రస్టుకి పంపి, డిశ్చార్జి వరకు రోగి తరఫున నిలబడాల్సిన మనిషి ఆరోగ్యమిత్ర.

మనవడు కార్డు బల్ల మీద పెట్టాడు. వణుకుతున్నాడు. "మేడం, దీని మీద పాత గవర్నమెంటు పేరుంది. చెల్లదా?"

వాడి భయంలో అర్థముంది. పథకం పేరు 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ. తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ. 2019 తర్వాత డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. 2024లో మళ్ళీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. రెండు లక్షలున్న పరిమితి రెండున్నర అయింది, ఐదు అయింది, 2023 డిసెంబరులో 25 లక్షలయింది. చికిత్సల జాబితా 3,257కి చేరింది. ఇన్నిసార్లు బోర్డులు మార్చినవాళ్ళు, పాత కార్డు చెల్లుతుందో లేదో హార్బర్ మైకులో ఒక్కసారి చెప్పించి ఉంటే ఈ కుర్రాడు గుండె చేత్తో పట్టుకుని నిలబడేవాడు కాదు.

"నంబరు ఉంటే చాలు నాన్నా. బొమ్మతో పని లేదు," అందామె. తర్వాత, "వేలిముద్ర వెయ్యించాలి."

మిషను స్ట్రెచర్ దగ్గరికి తెచ్చారు. కుడి బొటనవేలు పెట్టించారు. ఎర్ర దీపం. తుడిచి మళ్ళీ పెట్టారు. ఎర్ర దీపం. చూపుడు వేలు. ఎడమ చెయ్యి. పది వేళ్ళూ అయిపోయాయి.

ఆ వేళ్ళని దగ్గర్నుంచి చూడాలి. ఏభై ఏళ్ళు ఉప్పులో, ఐసులో నానిన వేళ్ళు. ముళ్ళు గుచ్చుకుని మానిన మచ్చలు బొటనవేలి మీదే ఏడెనిమిది ఉంటాయి. ఎండు చేపలు తిప్పి తిప్పి చర్మం తోలులా నున్నగా అయిపోయింది. గీతల్లేవు. ఏ పని చేసి ఆమె పిల్లల్ని పెంచిందో ఆ పనే ఆమె గుర్తుని అరగదీసింది. పేదవాడికోసం పెట్టిన పథకం పేదవాడి చెయ్యి ఎలా ఉంటుందో ముందే ఆలోచించి ఉండాలి కదా!

ఆరోగ్యమిత్ర కంగారు పడలేదు. ఇలాంటి చేతులు ఆమెకి రోజూ వస్తాయి. కంటిపాప మిషను తెప్పించింది. "మామ్మా, కళ్ళు పెద్దవి చేసి ఇటు చూడు." శుక్లం ముసిరిన కుడి కన్ను పట్టలేదు. ఎడమ కన్ను పట్టింది. పచ్చ దీపం.

ఆ ఎడమ కన్నే లేకపోతే?

ఈలోగా మనవడు ఫోన్లో ఇంకో దారి వెతికాడు. కేంద్రం ఆయుష్మాన్ భారత్‌లో 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల వైద్యం కలిపారు. వయ్ వందన కార్డు. కుటుంబానికి ఇప్పటికే ఆయుష్మాన్ ఉన్నా పెద్దవాళ్ళకి అది అదనంగా విడిగా ఉంటుంది. కోటీశ్వరుడికీ వస్తుంది, కోనాం అమ్ముకునే మనిషికీ వస్తుంది. ఈ మాట చదివి వాడు ఎగిరి గంతేశాడు.

ఆధార్ తీసి చూస్తే పుట్టిన తేదీ 01-01-1957. అంటే 68.

"నాకు డెబ్బై దాటి రెండేళ్ళు, మూడేళ్ళు ఉంటాదిరా. ఈ హార్బర్ కట్టినప్పుడు మీ నాన్న చంకలో ఉన్నాడు, మీ అత్త నడుస్తాంది," అంది మామ్మ. హార్బర్ 1976 నాటిది. ఆమె లెక్క తప్పనిపించదు. కానీ ఆధార్ తీసినరోజు ఎవరో అడిగారు, ఎవరో చెప్పారు, ఎవరో జనవరి ఒకటి అని కొట్టారు. మన పల్లెల్లో పెద్దవాళ్ళలో ఎంతమంది జనవరి ఒకటిన పుట్టారో మీ ఇంట్లోనే చూసుకోండి. ఒక గుమాస్తా వేలు నొక్కిన అంకె ఆమెకి 5 లక్షల అండని మరో ఏడాదికి పైగా వెనక్కి నెట్టింది.

వయసు గీత ఎక్కడ గియ్యాలన్నది ప్రపంచమంతా ఉన్న తర్జనభర్జనే. అమెరికాలో లిండన్ జాన్సన్ 1965 జూలై 30న సంతకం పెట్టిన చట్టంతో 65 దాటినవాళ్ళకి మెడికేర్, పేదలకి మెడికెయిడ్ వచ్చాయి. 1972లో దివ్యాంగుల్ని కూడా మెడికేర్‌లోకి తెచ్చారు. సంపన్న దేశం 65 దగ్గర గీసిన గీతని మనం 70 దగ్గర గీశాం. వల లాగే ఒంటికి, తట్ట మోసే ఒంటికి ముసలితనం 70దాకా ఆగదు. ఆ సంగతి మన రాష్ట్రానికే తెలుసు. అందుకే మత్స్యకారులకి పింఛను 50 ఏళ్ళకే ఇస్తుంది. పింఛనుకి ఒప్పుకున్న లెక్కని వైద్యానికి ఎందుకు ఒప్పుకోకూడదు?

అనుమతి వచ్చింది. రక్తం ఒక సీసా కావాలంటే జెట్టీ నుంచి ఐసు కుర్రాళ్ళే వచ్చారు, ఆమెని పెట్టె మూత మీద మోసినవాళ్ళే. నడుముకి మత్తిచ్చి ఆపరేషన్ చేసింది దీపావళి వెళ్ళిన మూడోనాడు. కొత్త బంతి వేశారు. బిల్లు ఇంటివాళ్ళకి రాలేదు. వెరావల్ నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "నా తట్ట ఎవులు తీశారు?"

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. విశాఖలో కుంభవృష్టి. హార్బర్‌లో బోట్లన్నీ తాళ్ళు బిగించుకుని ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. వార్డు కిటికీలు దడదడలాడుతుంటే ఆమె వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసింది. మనవడు వెనక చేతులు చాచి నిలబడ్డాడు. ఐదో అడుగు దగ్గర అంది, "ఇది తడి నేల కాదు గదా. పడను."

ఇంటికొచ్చాక అసలు ఖర్చు మొదలైంది. పథకం మంచం దాకా వస్తుంది, మంచం దిగాక చాలా వాటికి రాదు. బీపీ, సుగరు మాత్రలు, పరీక్షకి వెళ్ళిరావడానికి ఆటోలు, కాలు కదిలించడానికి వచ్చే మనిషికి డబ్బు. రోజూ తట్ట మీద వచ్చే నాలుగు వందలు పోయాయి. ఆదుకుంటున్నది పింఛను 4,000. కుంటు మిగిలిపోతే సదరం శిబిరంలో 40 శాతం వైకల్యం అని రాసిస్తే 6,000 అవుతుంది. ఆ శిబిరానికి తేదీ తీసుకోవాలి, వెళ్ళాలి, మళ్ళీ వేలిముద్ర.

ఆమె పడటానికి నెల ముందే, 2025 సెప్టెంబరు 4న, రాష్ట్ర మంత్రివర్గం ఈ వైద్య పథకం నడిపే కొత్త విధానానికి ఒప్పుకుంది. రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ ద్వారా, అక్కడి నుంచి 25 లక్షల దాకా ట్రస్టు ద్వారా. అనుమతి ఆరు గంటల్లో ఇస్తామన్నారు. 1.63 కోట్ల కుటుంబాలకి వర్తిస్తుందన్నారు. బాగుంది. ఆ ఆరు గంటల గడియారం ఎప్పుడు మొదలవుతుంది? వేలిముద్ర పడ్డాకనా, స్ట్రెచర్ గుమ్మం దాటాకనా? బకాయి పడితే రోగిని వెనక్కి పంపకూడదన్న షరతు ఒప్పందంలో ఉంటుందా? ఈ రెండింటికీ జవాబు కాగితం మీద రాసి ఆసుపత్రి గోడకి అతికించాలని అడుగుతున్నాను.

డిసెంబరు ఒకటిన వార్డు సచివాలయం ఉద్యోగి పింఛను పట్టుకుని గుమ్మం ముందుకొచ్చింది. ఆమె మంచం మీంచి చెయ్యి చాపింది. ఎర్ర దీపం. ఉద్యోగి ఫోను పైకెత్తి ఎడమ కన్నుకి ఎదురుగా పెట్టింది.

ఈ ఆదివారం మీ ఇంట్లో, మీ పక్కింట్లో పెద్దవాళ్ళ ఆధార్ ఒకసారి తీసి చూడండి. పుట్టిన తేదీ తప్పయితే, రుజువు కాగితం ఉంటే ఇప్పుడే దిద్దించండి. వేలిముద్ర పడుతుందో లేదో, కంటిపాప పడుతుందో లేదో జబ్బు రాకముందే చూసుకోండి. 70 నిండితే వయ్ వందన కార్డు తీసుకోండి. బియ్యం కార్డు రద్దయినంత మాత్రాన వైద్యం కార్డు పోయిందనుకోకండి, రెండింటికీ అర్హతలు వేరు. వైద్య సేవ గురించి అడగడానికి 104, ఆయుష్మాన్‌కి 14555.